పాత 407కు ఇంజన్ మార్చల్లా, బోరు చేయించల్లా? మన పెద్దోళ్ల లారీల కథ

ఈసారి పంట గురించి రాయడం లేదు, బండి గురించి రాస్తా ఉన్నాను. పోస్టు పొడుగ్గా ఉంటుంది. పనులు ముగించుకొని సాయంత్రం తీరిగ్గా చదవండి.

మా 407 మీలో చాలామందికి తెలుసు. శెనక్కాయలు బాగా పండిన ఏడు, 1997లో, మా నాయన చేతిలో ఉన్నదంతా ఊడ్చి, మిగిలింది అప్పు చేసి కొన్న బండి. ఏపీ 02 నంబరు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు గూళ్లు తోలింది. సీజన్లో చింతపండు తోలింది. ధర్మవరానికి శెనక్కాయ మూటలు, అక్కడి నుంచి ఎరువులు తెచ్చింది. ఊర్లో సగం పెళ్లిళ్లకు వంటసామాను మోసింది. మా ఇద్దరు పిల్లోళ్ల చదువులు ఆ బండి బాడుగలతోనే నడిచినాయి.

ఇప్పుడు దాని పని అయిపోవచ్చింది. పొద్దున స్టార్ట్ చేస్తే షెడ్డంతా పొగ. వారానికి రెండు లీటర్ల ఇంజనాయిలు తింటా ఉంది. పెనుకొండ ఎక్కుడులో రెండో గేరుకు దించినా ఏడుస్తుంది. పోయిన వారం హిందూపురంలో మేస్త్రీ దగ్గర వదిలినాను. ఆయన హెడ్డు విప్పి, బోరులో వేలు పెట్టి చూసి, "అన్నా, ఇది బోరుకొచ్చింది" అన్నాడు. మన జిల్లాలో బోరు అనే మాట వింటేనే రైతుకు గుండె జారుతుంది. భూమిలో వేసినా ఖర్చే, ఇంజన్లో వేసినా ఖర్చే.

మేస్త్రీ మూడు దారులు చెప్పినాడు. మొదటిది, ఉన్న ఇంజన్‌నే దించి, లైనర్లు, పిస్టన్లు, రింగులు కొత్తవి వేసి, క్రాంకు గ్రైండింగ్ చేయించడం. అన్నీ కలిపి లక్ష దాకా అవుతుందన్నాడు. రెండోది, తుక్కుకు పోయిన ఇంకో 407 నుంచి అదే రకం ఇంజన్ తెచ్చి ఎక్కించడం. అరవై, డెబ్భై వేలల్లో అయిపోతుందంట. మూడోది, ఇంకా బలమైన కొత్తరకం ఇంజన్ ఎక్కించడం. రెండు లక్షలు దాటుతుంది.

మా పెద్దోడు ఎర్రమంచి పక్క ఒక కంపెనీలో పని చేస్తాడు. వాడికి మూడోదే నచ్చింది. "నాయనా, ఎట్లాగూ దించుతాం కదా, పాతదాని మీద లక్ష పోసేకంటే మంచిది ఎక్కిద్దాం. ఇంకా పది టన్నులు లాగుతుంది" అన్నాడు. పది టన్నులు మాట వాడు నవ్వులాటకు అన్నదే. కానీ పిల్లోడు చెప్పిందంతా తీసిపారేసేది కాదు. నాకు ఆ ఇంజన్ మీద మమకారం ఉంది. మమకారంతో లెక్కలు వేస్తే తప్పుతాయి. అందుకే నాలుగు దినాలు టైము అడిగినాను. ఈ నాలుగు దినాలూ నేను ఆలోచించింది ఒకటే. మనకంటే ముందు మన పెద్దోళ్లు లారీలకు ఇంజన్లు ఎప్పుడు మార్చినారు, ఎందుకు మార్చినారు, మార్చి ఏమి బాగుపడినారు? ఆ కథే మీకు చెప్తా ఉన్నాను.

మన దేశంలో మొదట తిరిగిన మోటారు లారీల్లో చానా మటుకు అమెరికావి. షెవ్రలెట్, ఫోర్డు, డాడ్జి. 1928లో జనరల్ మోటార్స్ వాళ్లు బొంబాయిలో ఫ్యాక్టరీ పెట్టి, విడిభాగాలు ఓడల్లో తెచ్చి ఇక్కడ బిగించి అమ్మినారు. ఫోర్డు వాళ్లు కూడా ఆ కాలంలోనే మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో దిగినారు. అప్పుడు మన అనంతపురం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. ఆ లారీలన్నీ పెట్రోలు బండ్లు. ముందర హ్యాండిలు వేసి తిప్పితే స్టార్ట్ అయ్యేవి.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1941లో పెట్రోలుకు రేషన్ పెట్టినారు. 1942లో జపానోళ్లు బర్మాను పట్టుకున్నారు. మనకు పెట్రోలు, కిరసనాయిలు చానా మటుకు బర్మా నుంచే వచ్చేవి. ఆ బావుల్ని వెనక్కి పోతా పోతా ఇంగ్లీషోళ్లే నాశనం చేసి పోయినారు, జపానోళ్లకు దక్కకూడదని. ఇక్కడ లారీల కడుపు ఎండిపోయింది.

అప్పుడు వచ్చినవే బొగ్గు బండ్లు. మా తాత వాటి గురించి చెప్పేవాడు. బస్సు వెనకాల నిలువు డ్రమ్ము ఒకటి బిగించేవాళ్లంట. అందులో కట్టెబొగ్గు పోసి, గాలి చాలీచాలకుండా ఇచ్చి కాలుస్తారు. బొగ్గు పూర్తిగా కాలకపోతే మండే గ్యాసు పుడుతుంది. ఆ గ్యాసును చల్లార్చి, బూడిద వడగట్టి, పెట్రోలు బదులు ఇంజన్లోకి పంపేవాళ్లు. పొద్దున కిలీనరు లేచి పొయ్యి రాజేసి, విసురుగర్ర తిప్పి తిప్పి గ్యాసు పుట్టించినాకనే బస్సు కదిలేది. ఎక్కుడు వస్తే జనం దిగి తోసేవాళ్లంట. అది నవ్వుకు చెప్పిన మాట కాదు. బొగ్గు గ్యాసు మీద ఇంజన్ బలం మూడో వంతు నుంచి సగం దాకా పడిపోతుంది.

ఇక్కడ గమనించండి. ఇంజన్ మార్చలేదు, దాని తిండి మార్చినారు. మార్చింది కూడా బాగుపడాలని కాదు, గతిలేక. వడగట్టడం సరిగా లేకపోతే బూడిద లోపలికి పోయి బోర్లు అరిగిపోయేవి. పెట్రోలు మళ్లీ దొరకడం మొదలు కాగానే ఆ డ్రమ్ములు పీకి పారేసినారు. నా దృష్టిలో ఇది మొదటి పాఠం. తప్పనిసరై చేసిన మార్పు, ఆ తప్పనిసరి తీరిపోగానే పోతుంది. అది వేసుకున్నోడికి అరిగిన ఇంజన్ మిగుల్తుంది.

1945లో యుద్ధం ముగిసింది. మిలిటరీ వాళ్ల దగ్గర మిగిలిన వేల లారీలు మన దేశంలోనే ఉండిపోయినాయి. వాటిని డిస్పోజల్స్ కింద వేలం వేసినారు. చేతిలో కొంచెం డబ్బు, గుండెలో కొంచెం ధైర్యం ఉన్నోళ్లు అవి కొని బాడుగలకు తిప్పడం మొదలుపెట్టినారు. మన పక్క చాలామంది లారీ ఓనర్ల కుటుంబాలు అట్ల పుట్టినవే. బండి చౌక, కానీ పెట్రోలు తాగేది.

ఇంతలో ఇంకో దెబ్బ. 1953లో ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. ఈ దేశంలో విడిభాగాలు తయారు చేసే ప్లాను ఉన్న కంపెనీలే ఉండాల, బయటి నుంచి తెచ్చి బిగించి అమ్మేవాళ్లు వద్దు అని. దాంతో జనరల్ మోటార్సు, ఫోర్డు రెండూ దుకాణం సర్దుకున్నాయి. దేశానికి అది మంచి నిర్ణయమే అయ్యుండచ్చు. కానీ ఊర్లో షెవ్రలెట్ లారీ ఉన్నోడి గతి ఆలోచించండి. బాడీ గట్టిగా ఉంది, చాసీ గట్టిగా ఉంది, హౌసింగ్ గట్టిగా ఉంది. ఇంజన్ పోతే మాత్రం సామాను లేదు.

అప్పుడు ఆదుకున్నది పెర్కిన్స్ ఇంజన్. ఇంగ్లాండులో పీటర్‌బరో అనే ఊర్లో ఫ్రాంక్ పెర్కిన్స్ అనే ఆయన 1932లో కంపెనీ పెట్టినాడు. అంతవరకు డీజిల్ ఇంజన్లు అంటే పెద్ద పెద్దవి, బరువైనవి, నిదానంగా తిరిగేవి. ఓడల్లో, మిల్లుల్లో ఉండేవి. ఈయన చిన్నవి, వేగంగా తిరిగేవి చేసినాడు. 1930ల చివర వచ్చిన పీ6 అనే ఇంజన్ ఆరు సిలిండర్లది. 4.7 లీటర్లు, 80 గుర్రాల పైచిలుకు బలం. దాన్ని పెట్రోలు ఇంజన్ తీసిన చోట కూర్చోబెట్టడానికి వీలుగా చేసినారు. మార్చడానికి కావలసిన సామాను సెట్టుగా అమ్మినారు కూడా.

మద్రాసులో సింప్సన్ కంపెనీ ఉంది కదా. 1840లో గుర్రపు బగ్గీలు చేసే షాపుగా మొదలైన కంపెనీ అది. వాళ్లు 1950లలో పెర్కిన్స్ వాళ్లతో ఒప్పందం చేసుకొని మద్రాసులోనే ఈ ఇంజన్లు చేయడం మొదలుపెట్టినారు. ఇంక చూడండి, షెవ్రలెట్ బాడీలో పెర్కిన్స్, ఫోర్డు బాడీలో పెర్కిన్స్, డాడ్జిలో, ఫార్గోలో, బెడ్‌ఫర్డులో పెర్కిన్స్. మన తాతల కాలంలో "పెర్కిన్స్ లారీ" అనే మాట ఉండేది. పెర్కిన్స్ అని లారీ కంపెనీ ఏదీ లేదు. జనం ఇంజన్ పేరుతో లారీని పిలిచినారు, అంతే.

మీ ఇండ్లలో మాస్సీ ట్రాక్టరు ఉంటే ఇంజన్ మీద పేరు చూడండి. సింప్సన్ అని ఉంటుంది. 1959లో మాస్సీ ఫెర్గూసన్ వాళ్లు పెర్కిన్స్ కంపెనీని కొన్నారు. 1960లో మద్రాసులో టాఫే మొదలైంది. సింప్సన్ ఇంజన్ అట్ల మన చేనుల్లోకి వచ్చింది. మీరు దుక్కి దున్నే ఇంజన్, ఆ కాలం లారీల ఇంజన్, దగ్గరి చుట్టాలు.

ఇంతకీ ఆ మార్పిడితో బాగుపడినారా? బాగుపడినారు. పెట్రోలు ఇంజన్లో పెట్రోలూ గాలీ కలిసి లోపలికి పోతాయి, ప్లగ్గు నిప్పు పెడుతుంది. డీజిల్ ఇంజన్లో ఉత్త గాలి లోపలికి పోతుంది. దాన్ని పదహారు, పదిహేడో వంతుకు అదిమేస్తే ఆ వేడికే, నాజిల్ కొట్టిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. పాత పెట్రోలు లారీలు ఆరో వంతు, ఏడో వంతు కంటే ఎక్కువ అదమలేవు. ఎంత ఎక్కువ అదిమితే అంత ఎక్కువ పని వస్తుంది. అందుకే అదే బరువు, అదే దూరానికి డీజిల్ మూడో వంతు దాకా తక్కువ పడుతుంది. పైగా డీజిల్ మీద పన్ను తక్కువ. రెండు పక్కలా లాభం.

కానీ ఇక్కడే రెండో పాఠం ఉంది. ఇది మా నాయనకు ఒక పాత మేస్త్రీ చెప్పిన మాట. ఇంజన్ ఒక్కటే మార్చి ఊరికే ఉన్నోడు నష్టపోయినాడు. డీజిల్ ఇంజన్ బరువు ఎక్కువ, ముందు పట్టాలు కుంగుతాయి. అదురు ఎక్కువ, ఫౌండేషన్ రబ్బర్లు మార్చల్ల. స్టార్ట్ కావడానికి తిప్పే బలం ఎక్కువ కావాల, బ్యాటరీ, సెల్ఫు మార్చల్ల. రేడియేటరు చాలకపోతే కాగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, డీజిల్ ఇంజన్ పెట్రోలు ఇంజన్ అంత వేగంగా తిరగదు. నిదానంగా తిరిగి గట్టిగా లాగుతుంది. పాత హౌసింగ్‌లో క్రౌను పిన్యన్ పెట్రోలు ఇంజన్ తిరుగుడుకు తగినట్టు చేసినది. దాన్నే ఉంచితే బండి ఎక్కుడు బ్రహ్మాండంగా ఎక్కుతుంది, చదును రోడ్డు మీద మాత్రం ఎద్దులబండి మాదిరి పోతుంది. తెలివైనోళ్లు క్రౌను పిన్యన్ కూడా మార్చినారు. తెలియనోళ్లు ఇంజన్‌ను మూలుగుతా ఉన్నా తొక్కినారు. ఇంజన్లు పోయినాయి.

మన బావుల దగ్గర కూడా ఇదే జరిగింది కదా. మా తాత కపిల తోలినాడు. రెండు ఎద్దులు, తోలు సంచి, మోకు. తర్వాత ఆయిలింజన్ వచ్చింది. ఆయిలింజన్ తెచ్చి ఎవరైనా కపిల మోకుకు కట్టినారా? లేదు. ఇంజన్‌తో పాటు పంపు వచ్చింది, బెల్టు వచ్చింది, పైపు వచ్చింది, కింద సిమెంటు దిమ్మె వచ్చింది. కరెంటు మోటారు వచ్చినప్పుడు స్టార్టరు, కేబులు వచ్చినాయి. బలం మారితే, ఆ బలాన్ని మోసేవన్నీ మారల్ల. బావి దగ్గర మనకు ఇది బాగా తెలుసు. బండి దగ్గరికి వచ్చేసరికి మర్చిపోతాం.

సరే, కథలో ముందుకు పోదాం. 1954లో టాటా వాళ్లు జర్మనీ డైమ్లర్ బెంజ్ వాళ్లతో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టినారు. మొదటి నుంచీ డీజిలే. మూడు గీతల నక్షత్రం గుర్తు ఉండేది, జనం బెంజి లారీ అనేవాళ్లు. 1969లో ఒప్పందం అయిపోయింది, నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. మద్రాసులో అశోక్ లేలాండ్ 1955 నుంచి ఆ పేరుతో ఉంది. ఫ్యాక్టరీ నుంచే డీజిల్ ఇంజన్‌తో లారీలు వచ్చినాక ఇంజన్ మార్చే పని లారీల్లో తగ్గింది. పెట్రోలు జీపులకు డీజిల్ ఇంజన్లు ఎక్కించడం మాత్రం తర్వాత కూడా చానా ఏండ్లు జరిగింది. మన పక్క షేర్ జీపులు గుర్తుండే ఉంటాయి.

1980ల్లో చిన్న లారీల కాలం వచ్చింది. నాలుగు జపాన్ కంపెనీలు మనవాళ్లతో కలిసినాయి. డీసీఎం టయోటా, స్వరాజ్ మాజ్డా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్. ఆల్విన్ మన ప్రభుత్వ కంపెనీ. హైదరాబాదు ఆల్విన్ అంటే ఫ్రిజ్జులు, వాచీలు గుర్తొస్తాయి, వాళ్లే జహీరాబాదులో లారీ ఫ్యాక్టరీ పెట్టినారు. బండ్లు చానా మంచివి. మెత్తగా పోయేవి, ఇంజన్ శబ్దం తక్కువ. వాటికి పోటీగా టాటా వాళ్లు సొంతంగా చేసుకున్నదే 407. 1986లో వచ్చింది. జపాన్ బండ్లతో పోలిస్తే మొరటు బండి.

ఏది గెలిచింది? మీకే తెలుసు. ఎందుకు గెలిచింది అనేదే ముఖ్యం. 1985 తర్వాత జపాన్ డబ్బు యెన్ విలువ బాగా పెరిగింది. జపాన్ నుంచి రావల్సిన విడిభాగాల ధర ఆకాశానికి పోయింది. టాటా సామాను మన దేశంలోనే తయారయ్యేది. మన హిందూపురంలో దొరికేది, ధర్మవరంలో దొరికేది, తెలియని మేస్త్రీ ఉండేవాడు కాదు. డీసీఎం టయోటా తర్వాత డేవూ చేతికి పోయి, ఆ పైన మూతపడింది. ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి పోయింది. సామాను దొరక్క, ఆ మంచి బండ్లకు మంచి ఇంజన్లు పీకి వేరే ఇంజన్లు ఎక్కించుకున్నోళ్లను నేను కళ్లారా చూసినాను. ఆ ఇంజన్లు చెడ్డవి కావు. వాటి వెనకాల ఉండాల్సిన షాపు, మేస్త్రీ లేకుండా పోయినారు, అంతే.

షెవ్రలెట్ కథ, ఈ జపాన్ బండ్ల కథ పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో ముప్పై ఏండ్ల తేడా ఉంది, కానీ కారణం ఒకటే. మన పెద్దోళ్లు ఇంజన్ అరిగిపోయిందని మార్చలేదు. అరిగితే బోరు చేయించుకున్నారు. ఆ ఇంజన్‌కు సామాను పోయినప్పుడు, లేదా దాని తిండి గిట్టుబాటు కానప్పుడు మాత్రమే మార్చినారు. నాలుగు దినాలు ఆలోచించి నేను పట్టుకున్న అసలు మాట ఇదే.

ఇప్పుడు నా బండి సంగతి. 497 ఇంజన్. ఆ నంబరుకు అర్థం చాలామందికి తెలియదు. నాలుగు సిలిండర్లు, ఒక్కో బోరు 97 మిల్లీమీటర్లు, అందుకే 4, 97. మొత్తం 2956 సీసీ. దీనికి సామాను ఈరోజుకీ హిందూపురంలో దొరుకుతుంది. పిస్టన్ సెట్టు అడిగితే ఏ కంపెనీది కావాల అని అడుగుతారు. దీని తిండి డీజిల్. డీజిల్ ధర ప్రభుత్వం చేతిలో నుంచి 2014లో పోయింది, ముందటి మాదిరి చౌక కాదు, నిజమే. కానీ ఇంజన్ మార్చినా తినేది డీజిలే. అంటే మన పెద్దోళ్లు ఇంజన్ మార్చిన రెండు కారణాల్లో ఒక్కటి కూడా నాకు లేదు.

మా పెద్దోడికి ఇదంతా చెప్తే, "నాయనా, అది పాతకాలం. ఇప్పటి ఇంజన్లు వేరే" అన్నాడు. వాడి మాట నిజమే. వేరే కాబట్టే కష్టం. 2017 నుంచి దేశమంతా బీఎస్ 4, 2020 నుంచి బీఎస్ 6 వచ్చినాయి. ఇప్పటి డీజిల్ ఇంజన్‌కు మెదడు వేరే డబ్బాలో ఉంటుంది. సెన్సార్లు, వైరింగు, చానా ఎక్కువ ప్రెషరుతో డీజిల్ కొట్టే పంపు. ఇంజన్ దిమ్మె ఒక్కటి తెస్తే అది పలకదు. అదంతా తెచ్చి 1997 బండిలో పెట్టినా, దారిలో నిలబడితే చూసే మేస్త్రీ మన పల్లెల్లో ఎంతమంది ఉన్నారు? అప్పుడు నేనే చేతులారా నా 407ను సామాను దొరకని బండిగా చేసుకున్నట్టు.

ఇంకో పెద్ద తేడా చట్టం. మన తాతల కాలంలో 1939 మోటారు చట్టం ఉండేది. బండిలో మార్పు చేస్తే ఆఫీసులో చెప్పి అనుమతి తీసుకోవాల అని అందులో ఉండేది. 1988 చట్టం వచ్చింది. 2000లో దాని 52వ సెక్షన్‌ను గట్టిగా బిగించినారు. కంపెనీ వాళ్లు మొదట చెప్పిన వివరాలకు, ఆర్‌సీలో వివరాలకు తేడా వచ్చేటట్టు ఏ ఓనరూ బండిని మార్చకూడదు. గ్యాసుకో, బ్యాటరీకో మార్చుకోవాలంటే ఒప్పుకున్న కిట్టుతో, షరతుల ప్రకారం మార్చుకోవచ్చు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసు ఒకదాంట్లో ఇదే తేల్చింది. అదే ఏడు వచ్చిన సవరణలో శిక్ష కూడా పెట్టినారు. అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. షెవ్రలెట్‌లో పెర్కిన్స్ ఎక్కించినట్టు ఇప్పుడు మనం 407లో ఇష్టమొచ్చింది ఎక్కించడానికి లేదు. అదే కంపెనీ, అదే రకం ఇంజన్ అయితే ఆర్‌టీవో ఆఫీసులో దరఖాస్తు పెట్టి, కొత్త ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాల.

జైలు, జరిమానా కంటే నాకు భయం వేరే. మా పక్క ఊర్లో ఒకాయన తన బండికి పెద్ద ఇంజన్ ఎక్కించినాడు. రెండు నెలలు ఊరంతా మెచ్చుకుంది. మూడో నెల గేరుబాక్సు పళ్లు రాలినాయి. చేయించుకున్నాడు. ఆ తర్వాత యాక్సిడెంటు అయింది. బండిలో కూలోళ్లు ఉన్నారు. ఇన్సూరెన్సు వాళ్లు వచ్చి మొదట చూసింది ఇంజన్ నంబరు. ఆర్‌సీలో ఒకటి, దిమ్మె మీద ఇంకొకటి. ఆ కేసు ఏండ్ల తరబడి నడిచింది. ఆయన రెండెకరాలు అమ్మినాడు. కాలు పోయిన కూలాయన ఇంట్లో తిన్నారో లేదో ఆ దేవుడికి తెలుసు. బ్రేకులు కూడా పాతవే కదప్పా, బలం పెంచినప్పుడు ఆపే బలం ఎక్కడి నుంచి వస్తుంది?

రెండో దారి గురించి కూడా ఒక మాట. పాత ఇంజన్ కొని ఎక్కించడం చౌక. చట్టంలోనూ దారి ఉంది. కానీ ఆ ఇంజన్ ఎక్కడిది? 2025లో మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి ఏండ్ల తరబడి వందల కొద్దీ ఇంజన్లు మాయమైనాయని కేసు అయింది, పేపర్లలో మీరూ చదివినారు. అవి కారు ఇంజన్లు, మన లారీకి సంబంధం లేదు. కానీ మనం నేర్చుకోవలసింది ఒకటుంది. ఇంజన్ అంటే ఉత్త ఇనుము కాదు, దానికి నంబరు ఉంటుంది, ఓనరు ఉంటాడు. బిల్లు, పాత బండి కాగితాలు లేకుండా తుక్కు షాపులో ఇంజన్ కొంటే, పోలీసు వచ్చినప్పుడు షాపు వాడు కనపడడు, మనం కనపడతాం. పైగా దాని లోపల ఎంత అరిగిందో విప్పితే గానీ తెలియదు. అరవై వేలు పెట్టి ఇంకో బోరుకొచ్చిన ఇంజన్ తెచ్చుకున్నోళ్లు ఉన్నారు.

నిన్న నేనూ, మా పెద్దోడూ కలిసి షెడ్డుకు పోయినాము. ఇంజన్ దించి కింద పెట్టినారు. మేస్త్రీ దిమ్మెను కిరసనాయిలుతో కడిగి చూపించినాడు. చీలిక లేదు. క్రాంకును లేత్ షాపులో కొలిపించినాము. ఇంకోసారి గ్రైండింగ్‌కు సైజు మిగిలి ఉంది. ఈ రెండూ బాగుంటేనే మొదటి దారి. దిమ్మె పగిలి ఉన్నా, క్రాంకు ఆఖరి సైజుకు వచ్చి ఉన్నా, నేను మమకారం పక్కన పెట్టి రెండో దారికి పోయేవాణ్ణి. ఆ మాట వాడికి ముందే చెప్పినాను.

వాడు దిమ్మె పక్కన కూర్చొని, గుడ్డతో తుడిచి, దాని మీద కొట్టిన నంబరు చదివినాడు. ఆర్‌సీ ఫోటో ఫోనులో తీసి పోల్చి చూసినాడు. తర్వాత నాతో, "సరే నాయనా, బోరే చేయిద్దాం. కానీ నాజిళ్లు, పంపు కూడా టెస్టు చేయించల్ల, రేడియేటరు కడిగించల్ల, బ్రేకులు కొత్తవి వేయించల్ల. సగం సగం పని వద్దు" అన్నాడు. ఒప్పుకున్నాను. లక్షకు ఇంకో పాతిక వేలు ఎక్కింది. వాడి మాటలో న్యాయం ఉంది. ఇంజన్ ఒక్కదాన్ని బాగు చేసి మిగతాది వదిలేస్తే, ఆ పెర్కిన్స్ తెలియనోళ్లు చేసిన తప్పే మనమూ చేసినట్టు.

మీలో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే, ట్రాక్టరైనా, టెంపో అయినా, జీపైనా, మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఈ ఇంజన్‌కు సామాను, మేస్త్రీ మన ఊరి చుట్టుపక్కల ఇంకా ఉన్నారా? ఉంటే బాగు చేయించుకోండి. రెండు, దిమ్మె, క్రాంకు బతికి ఉన్నాయా? మేస్త్రీ మాట ఒక్కటే నమ్మకండి, లేత్ షాపులో కొలిపించండి. మూడు, మార్చక తప్పదంటే, అదే రకం, బిల్లుతో, ఆర్‌సీలో నంబరు ఎక్కించుకొని మార్చండి. ఈ మూడూ చూసినాక కూడా బండి గిట్టుబాటు కాదంటే అమ్మేయండి. ఏటా ఎఫ్‌సీ ఖర్చు పెరుగుతా ఉంది, 2021లో స్క్రాపేజ్ విధానం కూడా వచ్చింది. పాత బండి అందరికీ లాభం అని నేను చెప్పడం లేదు. నాకు ఏడాది పొడుగునా గూళ్లు, కాయలు, గడ్డి బాడుగలు ఉన్నాయి కాబట్టి లెక్క కుదిరింది.

ఈ పోస్టు చదివే పెద్దోళ్లలో ఎవరికైనా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రోడ్ల మీద తిరిగిన పెర్కిన్స్ లారీలో, బొగ్గు బస్సులో గుర్తుంటే చెప్పండి. మీ నాయనల కాలం ఫోటోలు ఉంటే చూపించండి. ఆ మేస్త్రీలు ఏమీ రాసి పెట్టలేదు. వాళ్లకు తెలిసిందంతా చేతుల్లో ఉండేది, చేతులతోనే పోయింది.

బండి వచ్చే బుధవారానికి ఇస్తానన్నాడు మేస్త్రీ. మేస్త్రీల బుధవారం ఏ వారంలో వస్తుందో మీకు తెలుసు. వచ్చినాక మొదటి వెయ్యి కిలోమీటర్లు లోడు తక్కువ వేసి, నిదానంగా తోలల్ల. పెనుకొండ ఎక్కుడు ఎట్ల ఎక్కిందో అప్పుడు రాస్తాను.